కాటు ఎవరి ఖాతాలో?

భారతంలో ఆనుశాసనిక పర్వం మొదట్లోనే ఒక పంచాయతీ నడుస్తుంది. ముద్దాయి పాము. గౌతమి అనే పెద్దావిడ కొడుకు పాము కరిచి పోతాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పామును పట్టి, కట్టి తెచ్చి, నిప్పుల్లో పడెయ్యమంటారా, ముక్కలు నరకమంటారా అని ఆవిణ్ణే అడుగుతాడు. వదిలెయ్యమంటుందావిడ. దీన్ని చంపితే నా బిడ్డ లేచొస్తాడా అంటుంది. బోయవాడు ఒప్పుకోడు. అప్పుడు పాము తన వకాల్తా తనే పుచ్చుకుంటుంది. తనకి స్వాతంత్ర్యం లేదట, మృత్యువు పంపితే వచ్చిందట. కుండకి కుమ్మరితో పాటు సారె కూడా కారణమే కాబట్టి నీకూ శిక్ష తప్పదంటాడు బోయవాడు. సారె తనంతట తను తిరగదు కదా అంటుంది పాము. ఇంతలో మృత్యువే వచ్చి, నన్ను కాలుడు తోశాడంటుంది. తరవాత కాలుడు దిగి తీర్పు చెబుతాడు: తప్పు పాముదీ కాదు, మృత్యువుదీ కాదు, నాదీ కాదు, ఆ కుర్రవాడి కర్మే వాణ్ణి చంపింది. కేసు కొట్టేశారు. పాము వెళ్ళిపోయింది.

అంపశయ్య మీదున్న భీష్ముడు ఈ కథ చెప్పింది ధర్మరాజుకి, ఇంతమంది చావుకి నేనే కారణమని కుమిలిపోతున్నవాడికి. ఓదార్పు కోసం చెప్పిన కథ. నాకు మాత్రం ఏనాడూ ఓదార్పుగా వినిపించలేదు. పామును విడిచిపెట్టడం వరకు బాగానే ఉంది. కానీ ఎవరో ఒకరి పేరు రాస్తే తప్ప ఫైలు మూసేది లేదన్నట్టు, చివరికి చచ్చిపోయినవాడి పేరే రాశారు. వాడు వచ్చి వాదించుకోలేడు కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. కాలుడు రాకముందే, మృత్యువు రాకముందే, పాము నోరు విప్పకముందే గౌతమి వదిలెయ్యమంది. ఆవిడ దయకి ఏ వాదనా అక్కర్లేకపోయింది. వాదనలన్నీ బోయవాడి కోసం. చివర్లో ఆవిడ కూడా కర్మ మాటకి తలూపిన మాట నిజమే, తన కర్మ కూడా కలుపుకుంది. అయినా ముందన్న మాట ముందుదే.

నేను తెనాలిలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా పాములతోనే గడిచింది, కాకపోతే సీసాల్లో ఉన్న పాములతో. ఆకుపచ్చ పామును స్పిరిట్లో వేస్తే కొన్నాళ్ళకి నీలంగా మారుతుంది. ఒంట్లో పసుపు రంగు కరిగిపోయి నీలం మిగులుతుంది. మా ల్యాబులో అలా నీలంగా మారిన పింజర ఒకటి ఉండేది. సెలవు పెట్టిన మాస్టారి బదులు నేను క్లాసుకి వెళ్ళిన రోజు పిల్లలు తప్పకుండా దాని గురించే అడిగేవాళ్ళు. అది బతికుండగా ఎలా ఉంటుందో చూసే అవకాశం మాత్రం నా చెల్లెలి మొక్కు పుణ్యమా అని దొరికింది.

మా మేనకోడలికి కడుపు నిలవడం లేదు. జాతకం చూసినాయన సర్పదోషమన్నాడు. మా చెల్లెలికి వెంటనే జ్ఞాపకం వచ్చింది: వాళ్ళ మామగారు ఎప్పుడో గడ్డివాము దగ్గర ఒక పామును కర్రతో కొట్టి చంపారు. ఇక కుక్కే సుబ్రహ్మణ్యం వెళ్ళి సర్పసంస్కారం చేయించాల్సిందేనంది. కొట్టింది తాత, మోసేది మనవరాలి కడుపు. కాలుడైనా చచ్చినవాడి కర్మ చచ్చినవాడికే రాశాడు, ఇది ఆయన తీర్పుని కూడా దాటిపోయింది. ఉపన్యాసాలివ్వనని మాటిచ్చాకే నన్ను కారెక్కించుకున్నారు.

కుక్కే దక్షిణ కన్నడ జిల్లాలో, కుమారపర్వతం కింద, కుమారధార ఒడ్డున ఉంది. మన తెలుగువాళ్ళు ఎంతమంది వస్తారంటే, క్యూలో నిలబడితే గుంటూరు బస్టాండులో ఉన్నట్టే ఉంటుంది. సర్పసంస్కారం రెండు రోజుల తంతు. పిండితో పామును చేసి, మనిషికి చేసే అంత్యక్రియలన్నీ దానికి చేస్తారు, దహనంతో సహా. దోషాల మీద నాకు నమ్మకం లేదు. కానీ చూస్తూ కూర్చున్నప్పుడు ఈ తంతు నాకు నచ్చింది. చంపిన జంతువును ఇంట్లో మనిషి పోయినట్టు సాగనంపడం! కోడికీ మేకకీ మనం ఎప్పుడైనా చేశామా? ఏ భయంతో పుట్టిందోగానీ, పుట్టాక భయాన్ని దాటిన తంతు అనిపించింది.

మొదటి రోజు సాయంత్రం, మేం దిగిన ఇంటి కుర్రాడు నా సంగతి తెలిసి టార్చి తీసుకొచ్చాడు. ఇంటి వెనక పోకతోట, తోట దాటితే అడవి మొదలు, మధ్యలో వాగు. వాన వెలిసినట్టే వెలిసి మళ్ళీ పట్టుకుంటోంది. వాగు మీదికి వంగిన ఒక కొమ్మ మీద వెలుగు నిలిపాడు. నాకు నాచు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఆ నాచులో ఒక కన్ను కనిపించింది.

మలబార్ పిట్ వైపర్. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. పెద్దదైనా మూడడుగులకి కాస్త అటూ ఇటూ, ఇది రెండడుగులు కూడా ఉన్నట్టు లేదు. ఆకుపచ్చ ఒంటి మీద గోధుమరంగు మచ్చలు. ఇదే జాతిలో పసుపువి ఉంటాయి, ఇటుకరంగువి ఉంటాయి, ఎండుటాకు రంగువీ ఉంటాయి. 1854లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు జెర్డన్, మన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన డాక్టరు. కడప జిల్లా కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఆ దొర నెల్లూరు ఎండల్లో ఏ పాపం చేశాడోగానీ, ఆయన పేరు మోసిన పిట్ట ఇప్పుడు కనిపించడమే గగనమైపోయింది.

పాము ఒళ్ళంతా చుట్టుకుని, మెడ కాస్త వెనక్కి లాక్కుని, మూడు పలకల తలను వాగు గట్టు వైపు దించి ఉంది. ముక్కుకీ కంటికీ మధ్య గుంట, గోరుతో నొక్కినంత. పై ఆకు నుంచి ఒక చినుకు దాని తల మీద పడి, ఆ గుంట పక్కనుంచి జారి, దవడ అంచున ఒక్క క్షణం వేలాడి పడింది. కనుగుడ్డు కూడా కదల్లేదు. పాముకి రెప్పలుండవు కాబట్టి నిద్రో మెలకువో చెప్పలేం. మర్నాడు సాయంత్రం వెళ్ళినా అదే కొమ్మ, అదే చుట్ట, తల అటే. ఈ జాతి పనే అంత, రోజుల తరబడి ఒకేచోట కాపు వేస్తుంది. కప్పో, బల్లో, చుంచో, చిన్న పిట్టో, దారిన వచ్చిందే దాని భోజనం. రాకపోతే పస్తు, దానికీ తొందరలేదు.

ఆ గుంట సంగతి చెప్పాలి. గుంట లోపల సన్నని పొర ఒకటి, మిల్లీమీటరులో అరవయ్యో వంతు మందాన, గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. నిండా నరాల కొసలు. చుంచు ఒంటివేడి ఆ పొరను తాకితే చాలు, డిగ్రీలో వెయ్యో వంతుల తేడా కూడా నరాలకు తెలిసిపోతుంది. ఆ కబురు మెదడులో కంటిచూపు చేరే చోటికే చేరుతుంది. అంటే చీకట్లో ఎలుక దానికి వేడితో గీసిన బొమ్మలా కనపడుతుందన్నమాట. ఆ నరాల్లో వేడిని పసిగట్టే ప్రోటీను ఏదో 2010లో కనిపెట్టారు. దాని పేరు టీఆర్‌పీఏ1. అదే ప్రోటీను మనకీ ఉంది. మనలో దాని పని వేడిని చూడటం కాదు, ఆవఘాటు పసిగట్టడం. కొత్త ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే ముక్కుపుటాలు అదిరి, కళ్ళ నీళ్ళు తిరుగుతాయే, ఆ గంట కొట్టేది అదే. మా ఇంటి జాడీకీ ఆ కొమ్మ మీది పింజరకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని పాఠం చెప్పే రోజుల్లో తెలిసుంటే, క్లాసులో ఒక్కడూ నిద్రపోయేవాడు కాదు.

1937లో నోబుల్, ష్మిట్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ తెగ పాములకి కళ్ళు మూసి, గుడ్డ చుట్టిన కరెంటు బల్బులు ముందు పెట్టారు. చల్లటి బల్బును వదిలేసి, వెచ్చటి బల్బును కాటేశాయి. నాకు సంబంధించినంతవరకు అర్జునకుడి పంచాయతీలో పాము తరఫు సాక్ష్యం ఇదే. బల్బును కరిచిన పాముకి ఎవరి మీద కక్ష? తల తెగిపడ్డాక కూడా పింజర తల చాలాసేపటి వరకు కరవగలదు, అలా కరిపించుకున్నవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు కూడా. మొండెం లేని తలలో పగ ఎక్కడ దాక్కుంటుంది? పాములు పగబడతాయని మన సినిమాలు ఎంత చెప్పినా సరే, సారె తనంతట తను తిరగదన్న ముద్దాయి మాటే నిలుస్తుంది.

పూర్తిగా యంత్రమేనా అంటే, అంత సులువుగా అనలేను. కొన్ని కాట్లలో పాము విషం దించదు. విషం తయారుచేసుకోవడం దానికి ఖర్చుతో కూడిన పని, మింగలేని మనిషి మీద ఎందుకు వృథా చేసుకుంటుంది? అక్కడేదో ఆచితూచడం ఉంది. అయితే అది పొదుపు, దయ కాదు. రోజుల తరబడి కొమ్మ మీద ఆగిందని దాన్ని నిగ్రహం అనలేం కదా, అలాగే.

పాపం లేకపోతే పుణ్యమూ లేదని కూడా ఒప్పుకోవాలి. రోజూ పొద్దున్నే నేను వేసుకునే బీపీ మాత్రకి మూలం బ్రెజిల్ అడవుల్లోని జరారాకా అనే పిట్ వైపర్ విషం. రక్తపోటును దించే పదార్థాన్ని అందులో సెర్జియో ఫెరీరా 1965లో గుర్తించాడు. దాన్నుంచి అందుకున్న ఉపాయంతో చేసిన కాప్టోప్రిల్‌కి 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. నేను మింగేది ఆ కుటుంబంలోదే. ఆ పాముకి నేను రుణపడ్డానా? చుంచు రక్తపోటు పడిపోవడానికి తయారైన విషం అది, నా గుండె గురించి దానికేం తెలుసు? చంపినందుకు నింద లేనప్పుడు, బతికించినందుకు దండం కూడా ఉండకూడదు. అయినా మాత్ర వేసుకునేటప్పుడు అప్పుడప్పుడు ఒక దండం పెట్టుకుంటాను. తర్కానికి నిలవదని తెలుసు.

నా పేచీ అంతా రెండో మెట్టు దగ్గర. పాము నిర్దోషి అయితే కాటు తిన్నవాడు దోషి ఎలా అవుతాడు? ఇది మహాభారతంతో ఆగలేదు. పాలి గ్రంథాల్లో ఒక సుత్తం ఉంది. ఒక భిక్షువు పాము కరిచి చనిపోతాడు. బుద్ధుడికి చెబితే, ఆ భిక్షువు నాలుగు సర్పరాజ కులాల మీద మైత్రి ప్రసరింపజేసి ఉండడు, చేసుంటే చనిపోయేవాడు కాదంటాడు. ఆ మైత్రీభావన చాలా అందమైనది, కాళ్ళు లేని ప్రాణుల దగ్గర్నుంచి చాలా కాళ్ళున్న ప్రాణుల దాకా అన్నిటినీ కలుపుకుంటుంది. బుద్ధుడంటే నాకు ప్రాణం. కానీ ఇక్కడ ఆయన కూడా కాలుడి పక్కనే కూర్చున్నాడనిపిస్తుంది. పోయినవాడిలోనే ఏదో లోపం. కుక్కేలో జాతకాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడపిల్లలందరిలోనూ అదే లోపం.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు. ఎక్కువమంది పల్లెటూళ్ళలో, ఇళ్ళ దగ్గరే పోయారు, సగం చావులు వానాకాలంలో. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఇంతమందికీ ఒకే రకం కర్మ ఉందంటే, ఆ కర్మకి చిరునామా కూడా ఉన్నట్టే: చెప్పుల్లేని కాళ్ళు, నేల మీద పడక, రాత్రి కరెంటిస్తే టార్చి లేకుండా మోటారు వెయ్యడానికి వెళ్ళే చీకటి గట్టు, పెద్దాసుపత్రికి పట్టే సమయం. మందు సంగతి మరీ విచిత్రం. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాలుగు పాముల విషాలతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పిట్ వైపర్లకు అందులో చోటు లేదు. నేను చూసిన మలబార్ రకం కాటుకి వాపూ నొప్పీ, మనిషి పోవడం అరుదు, నిజమే. కానీ అదే కనుమల్లో ఎండుటాకుల్లో దాక్కునే దీని చుట్టం, మూతి పైకి తిరిగిన పిట్ వైపర్, కిడ్నీలు పాడుచేసి ప్రాణం తీయగలదని, మన మందు దానికి పనిచేయదని కేరళ డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. పోకతోటలో, రబ్బరుతోటలో కూలిపని చేసే ఆవిడని అది కరిస్తే ఆ సీసాలో మందు లేకపోవడం ఎవరి కర్మ? కాలుడు ఈ ప్రశ్న వినకుండానే తీర్పిచ్చాడు.

మర్నాడు తంతు ముగిశాక, భోజనాలై, గది ముందు అరుగు మీద వాన చూస్తూ కూర్చున్నప్పుడు ఇదంతా నా నోట్లోంచి బయటికొచ్చేసింది. ఇచ్చిన మాట అంతకంటే ఎక్కువసేపు నిలవలేదు. మా చెల్లెలు ఎమ్మే ఫిలాసఫీ కాదుగానీ, పురాణ కాలక్షేపాలు విన్న మనిషి. అంతా విని అడిగింది: "అన్నయ్యా, వేడి తగలగానే పాము కాటేస్తుంది, దానికి పాపం లేదన్నావు. పాము కనపడగానే మా మామగారి చెయ్యి కర్ర మీదికెళ్ళింది. భయమేసింది, కొట్టాడు. మరి ఆయనకి మాత్రం పాపం ఎందుకు? ఆయన చెయ్యి ఆయన మాట విందా?"

నేను తడుముకోవాల్సి వచ్చింది. ఆ మాటకి శాస్త్రం నుంచి కూడా బలం ఉంది. కోతుల జాతికీ మనకీ చూపు ఇంత పదునెక్కింది పాములను కనిపెట్టడానికేనని లిన్ ఇస్బెల్ అనే ఆవిడ 2006లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. అదే నిజమైతే కర్ర ఎత్తిన చేతిని తయారుచేసింది కూడా పాములే. మామగారూ సారెలాంటివాడే అయిపోతాడు. ఇక ఎవరికీ ఏ తప్పూ ఉండదు.

భారతంలోనే ఆదిపర్వంలో రురుడి కథ ఉంది. పెళ్ళాడబోయే ప్రమద్వరను పాము కరిస్తే తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్నవాడు. ఆ తరవాత కనపడ్డ పామునల్లా చంపుతూ తిరిగాడు. ఒకరోజు కర్ర ఎత్తితే, నేను డుండుభాన్ని, నాకు విషమే లేదు, నీకేం చేశానని నన్ను కొడతావని పాము అడుగుతుంది. రురుడు ఆగుతాడు. అర్జునకుడు కూడా కోపంతో రగులుతూనే, పామును చంపకుండా ఆవిడ దగ్గరికి తెచ్చి అడుగుతాడు. రెండు కథల్లోనూ మనిషికి దొరికింది ఆ జాగా ఒక్కటే, ఎత్తిన కర్రకీ దించే కర్రకీ మధ్య. మామగారికి ఆ జాగా దొరకలేదేమో. గడ్డివాము దగ్గర ఎలుకల కోసం వచ్చింది కాబట్టి, నా అంచనా ప్రకారం ఆయన కొట్టింది జెర్రిపోతునే. విషం లేదు, కానీ అది నోరు తెరిచి డుండుభంలా చెప్పుకోలేదు. ఇంతవరకు చెప్పి, నీ ప్రశ్నకి ఇది సగం జవాబే అన్నాను మా చెల్లెలితో.

మిగతా సగం మేనకోడలు చెప్పింది. అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న పిల్ల తలెత్తి, "తాతయ్య ఆ రాత్రి అన్నం తినలేదట మావయ్యా" అంది. "నానమ్మ చెప్పేది. ఆ పామును తనే తీసుకెళ్ళి పూడ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చుని లేచిపోయాడట. చాలా రోజులు ఆ వాము దగ్గరికి గడ్డికి వెళ్ళమంటే పాలేరునే పంపేవాడట. అమ్మ నా కోసమనుకుంటే అనుకోనీ. నేను మాత్రం ఆయన కోసం కూర్చున్నా పీటల మీద."

కర్ర ఎత్తినప్పుడు ఆయనకీ పింజరకీ తేడా లేకపోవచ్చు. కాటేసిన తరవాత ఏ పామూ ఎలుకను చూసి ఆకలి చచ్చి లేచిపోదు. నేను స్వాతంత్ర్యాన్ని కొట్టకముందు వెతుకుతున్నాను, ఈ పిల్ల దాన్ని కొట్టిన తరవాత చూపించింది. కాలుడి తీర్పులో ఆ కంచానికి లెక్కే లేదు.

"మరి నీ దోషం పోయినట్టేనా?" అన్నాను, ఉడికించడానికి.

"నాకేం దోషం? డాక్టరమ్మ థైరాయిడ్ అంది. పరగడుపున మాత్ర వేసుకుంటున్నా."

"గుడి ఊళ్ళో కూర్చుని ఏం మాటలే అవి" అని మా చెల్లెలు కసిరింది. కసిరి, ఇవాళ మాత్ర వేసుకున్నావా లేదా అని అడిగింది.